ఆసక్తి లేనివారు కావలెను

పైనుంచి వచ్చిన ఆ ఉత్తర్వు ఇంగ్లీషులోనే ఉండిపోయుంటే ఈ గొడవంతా జరిగేది కాదు. మందుల మీద పరిశోధన చేసే డాక్టర్లకు ఆ మందు అమ్మే కంపెనీతో డబ్బు సంబంధమేదైనా ఉంటే ముందే చెప్పాలి, అలాంటివారిని ఆ పనికి కాస్త ఎడంగా ఉంచాలి. ఉత్తర్వు సారాంశం ఇంతే. చాలా మంచి మాట. అయితే ఆ ఏడాది వైద్య విశ్వవిద్యాలయంలో ప్రతి కాగితమూ తెలుగులోనే నడవాలని వైస్ ఛాన్సలర్ నీలాద్రిగారు పట్టుబట్టారు. అదీ మంచి మాటే. రెండు మంచి మాటలు ఒకే గుమ్మంలోంచి ఒకేసారి లోపలికి రాబోయి ఇరుక్కుపోయాయి.

అనువాద విభాగం సూపరింటెండెంటు నిఘంటువు తెరిచాడు. 'ఇంటరెస్ట్' అన్న మాటకు మొదటి అర్థం 'ఆసక్తి' అని ఉంది. తక్కిన అర్థాలు చూడాలంటే పేజీ తిప్పాలి. అప్పటికే భోజనాల గంట కొట్టారు. దాంతో తెలుగు ఉత్తర్వు ఇలా వెలువడింది:

'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, పరిశోధకులకు తాము పరిశోధించు విషయమునందు ఎట్టి ఆసక్తియు ఉండరాదు. ఉన్నచో తక్షణమే వెల్లడించవలెను. వెల్లడించిన ఆసక్తిని తగురీతిన నిర్వహించి, తగ్గించి, వీలైనచో నిర్మూలించవలెను.'

నిర్మూలించడానికి ఒక సంఘం కూడా ఏర్పడింది. దాని పేరు ఆసక్తి నిర్మూలన సంఘం. అధ్యక్షులు రిజిస్ట్రారు కుటుంబరావుగారు. ఆయనకు తోడు ఇద్దరు సభ్యులు, వారికి తోడు ఒక గది, గదికి తోడు ఏసీ.

ఆ గదిలోకి అందరికన్నా ముందు పిలుపు వచ్చింది డాక్టర్ పేరిందేవిగారికి.

పేరిందేవిగారు సర్జరీ విభాగంలో ప్రొఫెసరు. పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టి, ఆ చేతులతోనే వార్డుకొచ్చి కట్లు విప్పే మనిషి. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళకు కాలి మీద లేచే పుండ్లకు 'పాదసుధ' అని ఒక కంపెనీ కొత్తగా లేపనం తయారుచేసింది. అది పని చేస్తుందో లేదో తేల్చే బాధ్యత ఆవిడది. సగం మందికి లేపనం పూస్తున్నారు. సగం మందికి మామూలుగా కడిగి కట్టు కడుతున్నారు. మామూలు కట్టు వాళ్ళు మెల్లగా కోలుకుంటున్నారు. లేపనం పూసినవాళ్ళ పుండ్లు పెద్దవవుతున్నాయి. ఎండుచేపలమ్ముకునే మరిడమ్మ మడమ మీద రూపాయి బిళ్ళంత ఉన్న పుండు అరచేయంత అయింది. ఇలాగే పూస్తే కాలు తీసేయాల్సి వస్తుంది, వెంటనే ఈ మందు ఆపించండి అని పేరిందేవిగారు వైస్ ఛాన్సలర్‌గారికి నివేదిక పంపారు.

ఆ నివేదిక వైస్ ఛాన్సలర్‌గారి బల్ల మీదికి చేరింది. బల్ల అవతల కాఫీ తాగుతున్న కంపెనీ ప్రతినిధి రాజమన్నార్ దాన్ని తలకిందులుగానే చదివేసి, "అబ్బ, ఎంత ఆసక్తిగా రాశారండీ!" అన్నాడు. ఆ ముక్క సాయంత్రానికల్లా రిజిస్ట్రారుగారి చెవిన పడింది.

పేరిందేవిగారు లోపలికి వెళ్ళేసరికి బల్ల మీద జీడిపప్పు డబ్బా ఒకటి మూత తీసి ఉంది. పక్క కుర్చీలో రాజమన్నార్ ఉన్నాడు.

"కూర్చోండమ్మా. ఇది విచారణ అనుకోకండి. స్నేహపూర్వక పరిశీలన," అన్నారు కుటుంబరావుగారు. "సూటిగా అడుగుతాను. షుగరు పుండ్ల విషయంలో తమకు ఆసక్తి ఉందా?"

"ఉందండి."

సంఘంవారు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటుందని వారనుకోలేదు.

"ఎప్పట్నుంచి?"

"చదువుకునే రోజుల్నుంచీనండి. మా నాన్నగారికి అలాంటి పుండే లేచి కాలు తీసేశారు."

"వంశపారంపర్యం," అని ఒక సభ్యుడు రాసుకున్నాడు.

"ఆదివారాలు కూడా తమరు వార్డులో కనిపిస్తున్నట్టు మాకు సమాచారం."

"వస్తానండి. కట్లు మార్చాలి కదా."

"ఎవరైనా రమ్మని ఒత్తిడి చేశారా?"

"లేదండీ, నేనే."

"స్వచ్ఛందం," అని రెండో సభ్యుడు రాసుకుని, కింద గీత కూడా గీశాడు.

పేరిందేవిగారు మెల్లగా, "నాకు తెలీక అడుగుతానండి. ఈ ఉత్తర్వుకి అర్థం అది కాదేమో. కంపెనీ దగ్గర డబ్బు పుచ్చుకున్నవాళ్ళు..." అనబోయారు.

"అర్థాల్లోకి వెళ్ళడం కూడా ఒక రకమైన ఆసక్తేనమ్మా," అన్నారు కుటుంబరావుగారు జాలిగా. "ముందు దాన్నుంచి బయటపడండి."

తరవాత రాజమన్నార్ వంతు వచ్చింది. అతను లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"మా కంపెనీ తరఫున ప్రమాణపూర్వకంగా చెప్తున్నానండి. పుండ్ల మీద గానీ, రోగుల మీద గానీ, అసలు వైద్యశాస్త్రం మీద గానీ మాకు ఏ ఆసక్తీ లేదు. లాభం తప్ప మాకు ఇంకో ధ్యాస లేదు."

"లాభం గురించి ఉత్తర్వులో ఏమైనా ఉందా?" అని సభ్యుల్ని అడిగారు అధ్యక్షులు.

సభ్యులు అటూ ఇటూ తిరగేసి, "ఆ మాటే లేదండి," అన్నారు.

కుటుంబరావుగారి కళ్ళు చెమర్చాయి. "ఇంతటి నిరాసక్తత మన సంస్థలో ఒక్కరికైనా ఉందా? ధన్యులు బాబూ మీరు!" అని ఆయన డబ్బాలోంచి రెండు పలుకులు తీసుకున్నారు.

పేరిందేవిగారిని పరిశోధన నుంచి తప్పించారు. ఆవిడ ఆసక్తి తగ్గేవరకూ ఆ వార్డు గడప తొక్కకూడదన్నారు. తగ్గిందో లేదో సంఘం అప్పుడప్పుడూ పరీక్షిస్తుందన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ భర్త లక్ష్మీపతిగారు దేవుడి గది ముందు కూర్చుని గంధం తీస్తున్నారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం ప్రవచనానికి వెళ్తారు, విన్నది తోవలో నెమరేసుకుంటూ వస్తారు.

"ఆసక్తి వదిలెయ్యమన్నారుటే? ప్రవచనంలో ఆయన చెప్పేదీ అదే కదా."

"మీరూ ఆ సంఘంలో చేరండి మరి. కుర్చీ ఖాళీగా ఉంది," అన్నారావిడ.

"ఆగవే. ఆయన వదలమన్నది పనినా, పని వల్ల వచ్చే ఫలాన్నా? ఈ గంధం తీసేటప్పుడు మనసు ఇటే పెట్టకపోతే వేలు చెక్కుకుపోతుంది. తీసిచ్చాను కదా, నాకేమిస్తావు స్వామీ అని మాత్రం అడక్కూడదు. అంతేగా?"

"ఆ ముక్క మా రిజిస్ట్రారుగారికి చెప్పండి."

"ఆయన రోజూ నా పక్కనే కూర్చుంటారు. పాపం, ప్రవచనం మొదలవగానే మంచి నిద్ర పట్టేస్తుంది."

ఆవిడకు నవ్వు రాలేదు. "మరిడమ్మ కాలు నిలబెట్టు తండ్రీ అని నేను రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. అదీ ఫలం కోరడమేగా? తప్పంటారా?" అన్నారు.

లక్ష్మీపతిగారి చెయ్యి సాన మీద ఆగింది.

"నీ కాలు కాదు కదే అది. ఇంకొకరికి కోరుకునేది లెక్కలోకి వస్తుందా? ఏమో... అడగాలి ఆయన్ని," అన్నారు.

పేరిందేవిగారి స్థానం భర్తీ చెయ్యడానికి నోటీసు బోర్డులో ప్రకటన అంటించారు. 'ఆసక్తి లేనివారు కావలెను.' చాలామంది దరఖాస్తు పెట్టుకున్నారు. దరఖాస్తు పెట్టడమే ఆసక్తికి నిదర్శనం కాబట్టి సంఘం వారందర్నీ తిరస్కరించింది. దరఖాస్తు పెట్టనివాళ్ళకు సంఘమే కబుర్లు పంపింది. వెంటనే వచ్చినవాళ్ళను అనుమానించి వెనక్కి పంపింది. ఎన్ని కబుర్లు పంపినా ఉలకనీ పలకనీ ఒకే ఒక్కరు దొరికారు. ఆయన శవపరీక్షల విభాగంలోని డాక్టర్ మృత్యుంజయరావుగారు. ఆయన్ని దాదాపు మోసుకొచ్చినట్టు తీసుకొచ్చి వార్డు అప్పగించారు.

పని అప్పజెప్పడానికి పేరిందేవిగారు గడప ఇవతలే నిలబడ్డారు. మంచం మీంచి మరిడమ్మ కేకేసింది.

"అక్కడే ఉండిపోయేరేటండి డాక్టరమ్మగారూ? లోపలికి రండి!"

"ఆవిడకు నీ మీద ఆసక్తి ఉందని తీసేశారు," అన్నారు మృత్యుంజయరావుగారు.

"ఆయ్! మరి తమరికండి?"

"నాకు లేదు."

"ఏమండి? మేవేం పాపం చేసేవండి?"

ఆయన కొంచెం ఇబ్బందిపడి, "మీరింకా బతికే ఉన్నారు కదా," అన్నారు మర్యాదగా.

సంఘం అక్కడితో ఆగి ఉంటే సంఘం ఎలా అవుతుంది? కొద్దిరోజులకు సభ్యులకు ఇంకో ఆలోచన తట్టింది. డాక్టరుకు ఆసక్తి ఉంటేనే పరిశోధన చెడిపోతే, రోగికి ఉంటే ఇంకెంత చెడిపోవాలి? వారు వార్డు మీద పడ్డారు. ఏం జరిగిందో పేరిందేవిగారికి వరండా కిటికీ ఊచల్లోంచి మరిడమ్మే చెప్పింది.

"ముగ్గురొచ్చేరండి. నీ కాలు తగ్గాలని నీకుందా అనడిగేరు. నాకు ఒళ్ళు మండిపోయిందండి. లేకపోతే చేపల గంప ఒగ్గేసి మీ మొకాలు సూడ్డానికొచ్చేనా అన్నాను. అదేదో నేరం ఒప్పేసుకున్నట్టు గబగబా రాసేసుకున్నారండి. ఆనక, నా కాలంటే నాకేం ఆసక్తి లేదని ఏలిముద్ర ఏస్తేనే మంచం, బువ్వ అన్నారు. ఎయ్యనన్నోళ్ళందర్నీ ఇంటికి తోలేసేరు."

"నువ్వు వేశావా?"

"ఇంటికాడెవరున్నారండి వండిపెట్టడానికి? ఏసేసేను."

"ఆ లేపనం ఇంకా పూస్తున్నారా?"

"ఆయ్, పూస్తన్నారు. సలసలా మండిపోతందండి. తీసెయ్యండి బాబూ అంటే, నీకు ఆసక్తి లేదని రాసిచ్చేవు కదా అంటన్నారు."

పేరిందేవిగారు ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆ కాలు తాకబోయారు. ఇంతలో సెక్యూరిటీ అతను వచ్చి, "అమ్మా, ఏమనుకోకండి. కిటికీలోంచి మామూలుగా చూడొచ్చంటండి, ఆసక్తిగా చూడకూడదంట. మాకు ఆర్డరొచ్చింది," అన్నాడు తల దించుకుని.

ముద్ర వెయ్యనివాళ్ళు వెళ్ళిపోవడంతో పరిశోధనకు కాళ్ళు చాలలేదు. వ్యాధి ఉన్నవాడు తగ్గాలని కోరుకోక మానడు కనక, వ్యాధి లేనివాళ్ళ కాళ్ళే నిష్పక్షపాతమైన కాళ్ళని సంఘం తీర్మానించింది. గుమాస్తాలూ డ్రైవర్లూ సెక్యూరిటీవాళ్ళూ పుండు లేని తమ పాదాలకు పాదసుధ రాసుకున్నారు. వారిలో ఎవరి కాలి మీదా పుండు కనిపించలేదు. మందు నూటికి నూరుపాళ్ళు గుణమిచ్చిందని మృత్యుంజయరావుగారు ఆవలిస్తూ సంతకం చేశారు. మరిడమ్మలాంటి కొద్దిమంది పుండ్లు మాత్రం లెక్కలో చేర్చలేదు. తమ కాళ్ళంటే తమకే లక్ష్యం లేదని రాసిచ్చినవాళ్ళ కాళ్ళను విశ్వవిద్యాలయం మాత్రం ఎందుకు లక్ష్యపెట్టాలి?

ఈ విజయానికి పెద్ద సభ చేశారు. కంపెనీ తరఫున రాజమన్నార్ వైస్ ఛాన్సలర్‌గారికి శాలువా కప్పి, పాదాలకు సంబంధించిన సందర్భం కనక ఖరీదైన తోలు బూట్లు బహూకరించాడు. ఈ కానుక ఉత్తర్వుకు విరుద్ధం కాదు కదా అని ఎవరో అడిగితే, కుటుంబరావుగారు వేదిక మీదే వైస్ ఛాన్సలర్‌గారిని ప్రశ్నించారు.

"తమకు ఈ బూట్ల మీద ఆసక్తి ఉందా సార్?"

"లేదు. తొడుక్కుంటాను, అంతే," అన్నారు నీలాద్రిగారు గంభీరంగా. చప్పట్లు మోగాయి. ఆయన అక్కడే తొడుక్కుని సభంతా నిలబడి మాట్లాడారు. నిరాసక్తత మన సంస్కృతి అని మాట్లాడారు. ఆ ఫొటో పేపర్లో పడింది.

సభ జరిగిన వారంలోనే ఒక తెల్లవారుజామున పేరిందేవిగారు తులసికోట దగ్గర వత్తి వెలిగిస్తుంటే, వీధిగేటు చప్పుడైంది. నీలాద్రిగారు. కారు వీధి చివరే ఆపించి, రబ్బరు చెప్పులతో ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చారు.

"రండి రండి," అని లక్ష్మీపతిగారు కుర్చీ వేశారు. "కాలికేమైందండీ?"

"ఏం లేదండి. కొత్త బూటు కరిచింది."

పేరిందేవిగారు కింద కూర్చుని ఆయన పాదం ఒళ్ళోకి తీసుకున్నారు. చిటికెన వేలి పక్కన బొబ్బ చితికి పుండైంది. అంచులు నల్లబడుతున్నాయి. ఆయనకు ఎన్నో ఏళ్ళుగా షుగరుందని విశ్వవిద్యాలయంలో తెలియనివారు లేరు.

"మృత్యుంజయరావుగారికి చూపించారా అండీ?"

"ఆయనకి... ఆసక్తి లేదు కదమ్మా."

"అవును కదూ. పోనీ పాదసుధ రాయమంటారా? నూటికి నూరుపాళ్ళని మీ ఫొటో పక్కనే వేశారు."

నీలాద్రిగారు నిప్పు తగిలినట్టు కాలు వెనక్కి లాక్కున్నారు. "వద్దు! అది మాత్రం వద్దమ్మా!"

"ఏమండీ?"

ఆయన తులసికోట కేసి చూశారు, చూరు కేసి చూశారు, చివరికి నేల చూపులు చూస్తూ, "మీ నివేదిక చదివాను," అన్నారు.

లక్ష్మీపతిగారు దగ్గు రాకపోయినా దగ్గి లోపలికెళ్ళి పొయ్యి మీద నీళ్ళు పెట్టారు.

"మీ చెయ్యి మంచిదమ్మా," అన్నారు నీలాద్రిగారు గొంతు తగ్గించి. "కాస్త... కాస్త ఆసక్తిగా చూడండి."

పేరిందేవిగారు తలెత్తారు. "చూస్తానండి. రూలు ప్రకారం ముందు నేనొకటి అడగాలి. మీ కాలు మీద మీకేమైనా ఆసక్తి ఉందా?"

గంటల తరబడి ఉపన్యాసాలిచ్చే మనిషి. ఆయన నోట ఒక్క మాటే వచ్చింది, అదీ చిన్నపిల్లవాడి గొంతులో.

"ఉందమ్మా."

"మరిడమ్మకీ ఉందండి."

కాచిన నీళ్ళ గిన్నె వచ్చింది. ఆవిడ గిన్నెను వేలితో తాకి చూసి, "ఇవి చల్లారేదాకా కడగడానికి లేదు. ఈలోపు మీరొక ఫోను చేసుకోవచ్చు," అన్నారు.

నీలాద్రిగారికి అర్థమైంది. ఫోను తీసి కుటుంబరావుగారిని లేపారు. పాదసుధ ఇప్పుడే ఆపాలి, పూసినవాళ్ళందరికీ పాత పద్ధతిలో కట్లు కట్టాలి, వార్డు పేరిందేవిగారికి తిరిగి ఇచ్చెయ్యాలి అని చెప్పారు. అవతల గొంతు వాకిట్లోకి వినబడుతోంది.

"ఏ నియమం కింద ఆపమంటారు సార్?"

"నేను కాలు కింద పెట్టలేకపోతున్నానయ్యా! ఆ నియమం కింద ఆపు!"

పుండు కడిగి, కట్టు కట్టి, ఆ కాలి మీద బరువు వెయ్యొద్దని, ఆ బూట్ల మొహం చూడొద్దని పేరిందేవిగారు మరీ మరీ చెప్పారు. లేవబోతూ నీలాద్రిగారు, "ఇంతకీ ఆ ఉత్తర్వులో ఏ మాట ఉండాల్సిందంటారు?" అనడిగారు. ప్రవచనాలు వినే లక్ష్మీపతిగారు నిక్షేపంలాంటి మాట అందించారు.

"ఫలాపేక్ష అనండి. దానివల్ల నాకేమొస్తుందని చూసుకోవడం. పని మీద ఆసక్తి ఉండొచ్చు, ఫలాపేక్ష ఉండకూడదు."

"భేష్!" అని నీలాద్రిగారు ఆ మాటను వల్లించుకుంటూ కారెక్కారు.

ఆ పొద్దుటే పేరిందేవిగారు వార్డు గడప దాటారు. మరిడమ్మ కాలు దక్కింది. దక్కడానికి చాలా రోజులు పట్టింది, మడమ దగ్గర గుంట మాత్రం మిగిలిపోయింది. ఇంటికెళ్ళే రోజున ఆమె మంచి వంజరం ఎండుచేపలు మూట కట్టి తెచ్చిస్తానని పట్టుపట్టింది. తులసికోట ఉన్న ఇల్లమ్మా అని పేరిందేవిగారు బతిమాలి మానిపించాల్సి వచ్చింది.

సవరించిన ఉత్తర్వు కూడా వచ్చింది. పని మీద ఆసక్తి ఉండవచ్చు గానీ, విశ్వవిద్యాలయ ఆవరణలో ఎవరికీ ఫలాపేక్ష ఉండరాదని అందులో ఉంది. సంఘం పేరు ఫలాపేక్ష నిర్మూలన సంఘంగా మారింది. గదీ ఏసీ అవే.

మర్నాడు పేరిందేవిగారు ఆసుపత్రికి వచ్చేసరికి గేటు పక్కన ఎప్పుడూ ఉండే అరటిపళ్ళ బండి కనబడలేదు. బండి అప్పలకొండ సందు మలుపులో దిగాలుగా నిలబడి ఉన్నాడు.

"ఆ మాట మీ ఇంట్లోనే పుట్టిందంట కదండి? రోగాలోళ్ళు పళ్ళు తినాలనుకోడం తప్పంటండి. ఫలాలూ ఒద్దు, అపేచ్ఛా ఒద్దని బండి లేపేసేరు. నేనేం చేసేనండి తవరికి?"

ఆవిడ నెత్తి కొట్టుకుని తిన్నగా రిజిస్ట్రారుగారి గదికి వెళ్ళారు. రాజమన్నార్ అక్కడే ఉన్నాడు. బల్ల మీద డబ్బా మూత తీసే ఉంది.

"రండమ్మా, తీసుకోండి," అన్నారు కుటుంబరావుగారు. "అనుమానం వద్దు. జీడిపండయితే నిషేధమే. ఇది పప్పు. ఫలం కిందికి రాదని నిన్ననే సంఘం తీర్మానించింది."

"మాకు పళ్ళ మీద ఏనాడూ అపేక్ష లేదండి," అన్నాడు రాజమన్నార్ గుండె మీద చెయ్యి పెట్టుకుని.

పేరిందేవిగారు బయటికొచ్చేశారు. సందు మలుపుకి వెళ్ళి, అప్పలకొండ దగ్గర పెద్ద అరటిపళ్ళ గెల ఒకటి బేరమాడకుండా కొని, అత్తాలు విడదీయించి సంచిలో సర్దుకున్నారు. పైన స్టెతస్కోపు పెట్టి, దాని పైన కొంగు కప్పుకుని గేటు దగ్గరికి నడిచారు.

కిటికీ దగ్గర ఆవిడను ఆపిన సెక్యూరిటీ అతనే అక్కడ ఉన్నాడు. సంచి బరువు చూసి అడ్డం వచ్చాడు.

"సంచిలో ఏటండమ్మా?"

"ఆసక్తి నాయనా," అన్నారావిడ.

అతను జేబులోంచి కొత్త ఉత్తర్వు తీసి, వేలు పెట్టి చదువుకుని, పక్కకి తప్పుకున్నాడు.

"అదయితే ఇప్పుడు పర్లేదండి. పట్టుకెళ్ళండి."